పిచ్చుక ఈ వేసవికి రాదు

ఏప్రిల్ ఆఖరి ఆదివారం

వదినగారికి,

నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. అన్నయ్యగారు కులాసాగా ఉన్నారనీ, మీ మోకాలి నొప్పి కాస్త నెమ్మదించిందనీ అనుకుంటూ ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. చేతిలో ఫోనుండగా ఉత్తరమేమిటని మీ తమ్ముడు నవ్వారు. ఫోనులో మీ గొంతు వింటే నేను దేనికైనా సరేననేస్తాను. అందుకే కాగితం పట్టుకున్నాను.

సెలవులివ్వగానే పిచ్చుకను పంపమని మీరు ఇప్పటికే రెండుసార్లు కబురు పెట్టారు. నోరు మూతపడదని దానికి ఆ పేరు పెట్టింది మీరే కదా. ఈసారి దాన్ని పంపడం లేదు వదినా. ఇక్కడే సమ్మర్ క్యాంపులో చేర్చాను. పొద్దున కళ్లజోళ్ల షాపుకు వెళ్తూ దింపి, సాయంత్రం వస్తూ తెచ్చుకుంటాను.

ఈ క్యాంపుల భాగోతం మీకు చెప్పాలి. నెల్లాళ్లుగా బడి గేటు దగ్గర తల్లిదండ్రులకు వేరే మాట లేదు. పెళ్లి సంబంధాలకు కూడా ఇన్ని ఆరాలు తీయరు. కవలల తల్లి ఒక పిల్లను ఈతకూ, ఇంకో పిల్లను రోబోలు చేసేచోటుకూ పంపి, ఎవరు బాగుపడతారో చూసి వచ్చే ఏడు ఇద్దర్నీ అక్కడే వేస్తుందట. పళ్ల డాక్టరమ్మ కొడుకు వెళ్లేచోట నాయకత్వం నేర్పుతారట, చేరిన ప్రతి పిల్లాడూ నాయకుడైపోతాడట. అందరూ పల్లకి ఎక్కేవాళ్లే అయితే మోసేదెవరండీ అన్నాను. ఆవిడ ఆ తర్వాత నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. బ్యాంకులో చేసే ఆయనేమో ఊరంతా తిరిగి చూసి, ప్రతిదానికీ ఒక వంక చెబుతాడు. చూడబోతే ఆయన కూతురు వేసవంతా ఇంట్లోనే ఉండేట్టుంది.

నేను పిచ్చుకను వెంటబెట్టుకుని మూడు చోట్లకు వెళ్లాను. మొదటిది ఈత. దానికి మీ తమ్ముడూ వచ్చారు. దూరపు కొండలు నునుపు, దగ్గరకెళ్తే పగిలిన పలకలూ, నీళ్లలో కలిపే మందు వాసనా. నేర్పే అమ్మాయి మాత్రం మంచిది. చెయ్యి పట్టుకుని మెట్టు మీద కూర్చోబెట్టబోయింది. పిచ్చుక వేలు కూడా తడవనివ్వలేదు. నీళ్లు తగిలితే జ్వరం వస్తుందంది. నిప్పులు చెరిగే ఎండలో జ్వరమేమిటే అని మీ తమ్ముడు నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు.

రెండోది బొమ్మలు వేయించే చోటు. ఆ గదికి కిటికీ లేదు. పిల్లలు ఆఫీసు మీటింగులో కూర్చున్నట్టు కూర్చున్నారు. అక్కడినుంచి అటే బయటికొచ్చాం.

మూడోది మూతపడ్డ గిడ్డంగి వెనక స్థలం. చెట్ల నీడ, ఇసక కుప్ప, తాళ్లు, పాత టైర్లు, ఒక కుళాయి. నడిపే ఆయన అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. ఏం నేర్పుతారని అడిగితే, ఏమీ నేర్పమమ్మా, సాయంత్రానికి మీ పిల్లను మీరే పోల్చుకోలేనంత మురికి చేసి పంపుతాం అన్నాడు. ఇంకో మాట లేకుండా చేర్చేశాను.

మీ తమ్ముడికి ఇష్టం లేదు. పండు పోయాక మా అక్క నవ్వేది పిచ్చుక వెళ్లినప్పుడే, ఆ కాస్తా లాగేసుకుంటావా అన్నారు. ఆయన అన్నదీ నిజమే. మూడేళ్లయితే మాత్రం ఏమిటి? కళ్లముందు గంతులేసిన ఎనిమిదేళ్ల కూతురు ఉత్త జ్వరంతో పోతే ఏ తల్లి కుదుటపడుతుంది? అమ్మ వేస్తే జడ ఊడిపోతోందని అది దువ్వెన పట్టుకుని నా దగ్గరికే వచ్చేది. ఇప్పటికీ పిచ్చుకకు జడ వేస్తుంటే నాకు పండు మెడ గుర్తొచ్చి చేతులు ఆగిపోతాయి.

అయినా పంపను. క్యాంపు షాపుకు దగ్గర, వేళలు నాకు కుదిరాయి, తోటిపిల్లలుంటారు. ఈ కారణాలు చాలనుకోండి. జూన్‌లో దానికి ఎనిమిది నిండుతాయి. ఆ రోజు కూడా ఇక్కడే ఉంటుంది. అన్నయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి. కోపమొస్తే నన్నే తిట్టండి, మీ తమ్ముణ్ణి ఏమీ అనకండి.

మీ మరదలు

తా.క. కవరు అంటించబోయి ఆగాను. పైన రాసినవి అబద్ధాలు కావు గానీ, అసలు కారణం అవి కాదు.

పోయిన వేసవిలో మీ ఇంటి నుంచి వచ్చింది మన పిచ్చుక కాదు వదినా. మూల కూర్చుంటుంది. అడిగితే తప్ప మాట్లాడదు. మీరు పండు గౌన్లు తొడిగారనీ, పండు మంచం మీద పడుకోబెట్టి మాటిమాటికీ నుదురు తాకి చూశారనీ, గడప దాటనివ్వలేదనీ, పండూ అనే పిలిచారనీ కొంచెం కొంచెంగా చెప్పింది. మీ మీద చాడీలా చెప్పలేదు. అలా ఉంటే అత్త ఏడవదమ్మా అంది. గిడ్డంగి దగ్గర ఆయన నీ పేరేమిటని దాన్ని అడిగితే, పండు అని చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. ఇంటికొచ్చే దారిలో, ఎనిమిది రాగానే నేనూ చచ్చిపోతాను కదా, అప్పుడు అత్త దగ్గర ఎవరుంటారని అడిగింది.

మీ తమ్ముడికి ఈ మాట ఇంకా చెప్పలేదు. చెబితే ఆయన మీ గడప తొక్కరేమోనని భయం. నాకూ మీ మీద కోపముంది, దాచుకోను. మీరంటే ప్రేమ కూడా పోలేదు, ఏం చేయను.

ఏదో ఒక సాయంత్రం ఆ గిడ్డంగి గేటు దగ్గరికి రండి. మట్టి కొట్టుకుని వస్తుంది, జాగ్రత్తగా పోల్చుకోండి. పిచ్చుకా అని పిలవండి, మీరు పెట్టిన పేరే. వెనక్కి తిరగకపోయినా పిలుస్తూనే ఉండండి. పండూ అని మాత్రం పిలవకండి వదినా. పలుకుతుంది.