ఫ్లూటు వద్దు, యిల్వాను పెట్టండి

ఇల్లినాయ్ రాష్ట్రం, నేపర్‌విల్ కాపురస్తురాలు, కీర్తిశేషులు మల్లాది చక్రపాణి గారి భార్య మల్లాది చాముండేశ్వరి అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరి సలహా అడగకుండా, నా ఇష్టప్రకారం రాసుకున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగా ఉంది. లాయరు రాయమన్నాడని ఈ మాట రాయడం లేదు. మా మరిది రవిశంకర్‌కు ఈ విషయంలో అనుమానం ఉంది కనుక రాస్తున్నాను.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా స్నేహితురాలు విజయశ్రీది. ఆమెకు మొహమాటం లేదు. మా వాళ్ళలో ఆ గుణం ఉన్నది ఆమె ఒక్కతెకే.

2. ఇల్లు, అందులోని సామాను, కారు, పట్టుచీరలు తప్ప నా పేర ఉన్న తక్కిన ఆస్తి యావత్తూ నా అనంతరం సర్వహక్కులతో నా ఏకైక కుమార్తె నిధికి చెందాలి.

3. నా పట్టుచీరలన్నీ రవిశంకర్ భార్య, నా తోడికోడలు సుధకు. మా గృహప్రవేశంలో నా నెమలికంఠం రంగు చీర చూసి "అక్కా, మీ ఏజ్‌కి కొంచెం బ్రైట్ కదా" అంది. ఇప్పుడు ఆమెకూ ఆ ఏజ్ వచ్చింది. హాయిగా కట్టుకోమనండి.

4. రవిశంకర్‌కు నా ఫొటోల మీద, నా ల్యాప్‌టాప్ మీద ఏ హక్కూ లేదు. కారణం రాయకపోతే అన్యాయం చేశానంటాడు, కనుక రాస్తున్నాను. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళెవరు పోయినా ఫ్యూనరల్ హోమ్‌లో స్లైడ్‌షో అతనిదే. పెళ్ళి ఫొటో, నయాగరా ఫొటో, పిల్లల గ్రాడ్యుయేషన్ ఫొటో, వెనక ఫ్లూటు. పోయినవాళ్ళు మారతారు గానీ ఫ్లూటు మారదు. మా ఆయన పోయినప్పుడూ అదే మోగింది. నేను ఏడవబోతుంటే చెవి దగ్గరకొచ్చి "వదినా, స్ట్రాంగ్‌గా ఉండాలి, పంతులుగారికి ఇంకో స్లాట్ ఉంది" అన్నాడు. నిధి వెక్కుతుంటే చేతిలో వాటర్ బాటిల్ పెట్టి "బీ స్ట్రాంగ్ రా, అమ్మ చూస్తోంది" అని బయటికి పంపాడు. పిల్ల ముఖం కడుక్కుని వచ్చి నా పక్కన నిలబడింది. ఆ రోజు తల్లీకూతుళ్ళం ఇద్దరం ఏడవలేదు. వచ్చినవాళ్ళు మా నిబ్బరాన్ని మెచ్చుకుని, పార్కింగ్ లాట్‌లో హెచ్1బి వీసా కబుర్లు చెప్పుకుని వెళ్ళారు.

5. యిల్వా ఎవరో తెలియనివారికి: స్వీడన్ దేశపు గాయని. నిధి ఉద్యోగానికి మోరిస్‌విల్ వెళ్తూ నా కారులో వదిలిపోయిన ప్లేలిస్టులో తగిలింది. తల దువ్వుకోదు. శ్రుతి నిలవదు. పాట మధ్యలో ముక్కు చీదుతుంది, దాన్ని తీసెయ్యకుండా రికార్డులో ఉంచారు. వదిలేసి పోయినవాడి అపార్ట్‌మెంట్ ముందు మంచులో నిలబడి, నాకు సిగ్గులేదని నాకూ తెలుసు, అయినా ఒక్కసారి కిందికి రా అని పాడుతుంది. నాకు సంగీతం నేర్పిన మేడమ్ వింటే తంబూరా తిరగేసి కొట్టేది. మొదటిసారి నేనూ నవ్వాను. అంత చలిలో ఇంట్లో కూర్చోలేవా తల్లీ అన్నాను. మళ్ళీ ఆ పాట వచ్చినప్పుడు పక్కూరు అరోరాలో గుడి ముందు కారు ఆపుకుని ఉన్నాను. లోపలికి వెళ్ళలేకపోయాను. మా ఆయన పోయాక మొట్టమొదటిసారి నోరు తెరిచి భోరున ఏడ్చాను. ఆ పిల్లకి స్ట్రాంగ్‌గా ఉండమని చెప్పే మరిది లేడు, ఉన్నా వినేరకం కాదు. నాకు ఆమెలో నచ్చింది అదే.

6. ఈ పాట మా వంటింట్లో విని సుధ హడలిపోయింది. "చాముండి అక్క సపోర్ట్" అని వాట్సాప్ గ్రూపు పెట్టి, అలవాటు కొద్దీ కుటుంబంలో అందరినీ చేరుస్తూ నన్నూ చేర్చింది. నా పరిస్థితి గురించి నేనే చదువుకున్నాను. "పాపం ఆవిడ ఎవరో స్వీడన్ అమ్మాయి ఏడుపు వింటూ కూర్చుంటున్నారట, వీకెండ్ టెంపుల్‌కి ఎవరైనా రైడ్ ఇవ్వండి" అని ఒకరు. "మా కజిన్ సైకియాట్రిస్టే, ఇన్సూరెన్స్ తీసుకుంటాడో లేదో చెక్ చేస్తా" అని ఇంకొకరు. "గుడ్ ఐడియా. నేను ఫ్లూట్ మ్యూజిక్ పంపిస్తా, వదినకి రిలాక్సింగ్‌గా ఉంటుంది" అని సాక్షాత్తూ రవిశంకర్. నేను కింద ఒక బొటనవేలు బొమ్మ పెట్టాను. సదరు గ్రూపును, అందులోని సభ్యుల సమేతంగా, రవిశంకర్‌కు శాశ్వతంగా దఖలు పరుస్తున్నాను.

7. నా అంత్యక్రియల్లో ఫ్లూటు మోగరాదు. యిల్వా పాట పెట్టాలి, మొత్తం పెట్టాలి, ముక్కు చీదడం వచ్చినప్పుడు సౌండ్ తగ్గించకూడదు. పంతులుగారి తర్వాతి స్లాటు కూడా మనమే బుక్ చేయాలి. ఏడ్చేవాళ్ళకు వాటర్ బాటిల్ ఇవ్వచ్చు గానీ నీతులు చెప్పకూడదు. "స్ట్రాంగ్" అనే మాట రవిశంకర్ నోట వచ్చిన మరుక్షణం పై మూడో షరతు రద్దయి, చీరలన్నీ విజయశ్రీ తన ఇష్టమొచ్చినవారికి పంచవచ్చు. ఆయన నోటికి సుధే కాపలా ఉంటుందని నా నమ్మకం.

8. నిధీ, దీని కాపీ నీకు ఈరోజే పంపుతున్నాను. నాకు జబ్బేమీ లేదు, కంగారు పడకు. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా "ఐ యామ్ ఫైన్ అమ్మా" అంటావు. ఆ గొంతు వింటే నాకు భయమేస్తోంది. నాన్న కోసం నువ్వు ఇంతవరకూ ఏడవలేదు, నాకు తెలుసు. ఇల్లు నీ చేతికి రావాలంటే నేను పోవాలి గానీ, ఏడవడానికి అంతదాకా ఆగడమెందుకు? శుక్రవారానికి నీకు ఫ్లైట్ బుక్ చేశాను. ఎయిర్‌పోర్టుకు నేనే వస్తాను. కారులో పాట నువ్వే పెట్టు, సౌండ్ ఎంత కావాలంటే అంత పెంచుకో. ఇంటికి చేరడానికి మనకు తొందరేమీ లేదు.

నేపర్‌విల్, 2024 అక్టోబర్ 14.

(సంతకం) మల్లాది చాముండేశ్వరి

సాక్షులు, ఆస్తిలో వాటా గానీ ఆ గ్రూపులో సభ్యత్వం గానీ లేనివారు:
1. కరోల్ నొవాక్, పక్కింటావిడ
2. కొమ్మూరి భవిత, ఎదురింటి అమ్మాయి