ఎత్తు మడమల ఎర్ర బూట్లు

కుమాసి,
ఆదివారం

అంపొన్సా బావగారికి,

శుక్రవారం పొద్దున మీ చెల్లెలు సెర్వా రెండు చెంచాల గంజి తాగింది. మధ్యాహ్నం మంచం కింద ఉన్న పెట్టె తీయమంది. నాలుగు గంటలకు పోయింది.

ఆ పెట్టెలో ఉన్నవి మీ బూట్లే. డెబ్బై నాలుగులో, మగపిల్లలకీ ఎత్తు మడమలే ఫ్యాషనైన రోజుల్లో, పోయాయని మీరు ఊరంతా వెతికిన ఎర్ర బూట్లు. మా బడిలో డాన్సుకి ఆడపిల్లల బడి వాళ్లు వచ్చిన రోజు, సెర్వా మీకు చెప్పకుండా, తనకి పెద్దవని ముందు భాగంలో గుడ్డలు కుక్కి వాటిని వేసుకొచ్చింది. గోడకి ఆనుకుని నిలబడ్డ నా దగ్గరికి వచ్చి, "ఏయ్ కళ్లజోడూ, ఆడతావా, గోడ పడిపోతుందని కాపలా కాస్తున్నావా?" అంది. రెండో పాటకే ఎడమ మడమ ఊడింది. మిగతా పాటలన్నీ నా భుజం పట్టుకుని ఒంటికాలి మీద ఆడింది. మీకు భయపడి బూట్లు నా దగ్గర దాచింది. వాటిని చూసుకునే వంకతో ప్రతి ఆదివారం వచ్చేది.

శుక్రవారం వాటిని చూసి, "అన్నయ్యకి ఇంకా చెప్పలేదు కదూ? తిట్టనీ. చివరికి నాకు ఇవే తొడగమను" అంది.

మన ఆచారంలో ఆమెని ఎలా సాగనంపాలో చెప్పాల్సింది పుట్టింటివారు. భర్తగా నాకు ఆ హక్కు లేదు. ఆమెకి తొడగడానికి మీరు తెల్ల చెప్పులు కొన్నారని తెలిసింది. ఎదురుగా అడగలేక మా అమ్మాయి చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. మీరు కాదంటే మళ్లీ మాట్లాడను.

మడమ ఇవాళ అతికించాను. రేపు పొద్దున్నే బూట్లు తీసుకుని మీ ఇంటికి వస్తాను. ముందు కుక్కడానికి గుడ్డముక్కలు కూడా తెస్తాను.

మీ బావ