సుజాత నటించలేదు

శనివారం, రాత్రి

కొత్త కుర్రాళ్లతో తీయబోయే మా చిన్న సినిమాకి ఇవాళ కథ దొరికింది. దొరక్కపోయినా బాగుండేది.

ఈ హిందీ ఊళ్లో మా తెలుగువాళ్ల పేట సిద్ధగోరాలో రిహార్సల్‌కి వచ్చినవాళ్లతో, "ఇంట్లో చెప్పలేని మాటొకటి నటించి చూపించండి" అన్నాను. సుజాత గోడనే వాళ్లమ్మ అనుకుని మాట్లాడింది.

"అమ్మా, నాకు పుణేలో ఉద్యోగమొచ్చింది. అడిగితే మీరు పంపరు. అందుకే సెప్పకుండా ఎల్లిపోతన్నాను."

అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుంది. "అది యాక్టింగ్ కాదన్నా. రేపు పొద్దున్నే రైలు. కిసీకో మత్ బోల్‌నా, ఎవరికీ సెప్పకు."

చెబితే ఆపేస్తారు. చెప్పకపోతే, ఒక్కత్తీ వెళ్తోంది, అక్కడేమైనా అయితే?

ఇందాక వాళ్లమ్మే ఫోన్ చేసింది. "ఏటి బాబూ, మా సుజాత బాగా సేత్తందా?"

"బాగా సేత్తంది పిన్నీ" అన్నాను. రైలు మాట ఎత్తకుండానే ఫోన్ పెట్టేశాను.