మణికొండలో ఫట్‌ఫటీ దొర

మణికొండ,
ఆదివారం.

అక్కయ్యకు, నీ తమ్ముడు సూర్యం నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నా ఆరోగ్యం ఇప్పుడు బాగానే ఉంది. నువ్వు, బావగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? చంటిది బడికి పోతోందా, ఇంకా గుమ్మం పట్టుకుని ఏడుస్తోందా?

నీ ఉత్తరాలు మూడూ అందాయి. జవాబు రాయకపోవడం నాదే తప్పు. కాగితం తీసి పైన నీ పేరు రాసి, తర్వాత ఏం రాయాలో తోచక మడిచి ట్రంకుపెట్టెలో పడేసేవాణ్ణి. ఇవాళ మాత్రం పూర్తి చేసేదాకా లేవకూడదని కూర్చున్నాను.

అమలాపురం సంబంధం వాళ్ళు తప్పుకున్నారని రాశావు. పిల్ల మేనమామ ఏదో పనిమీద హైదరాబాదు వచ్చి, మెహదీపట్నంలో నన్ను దూరం నుంచి చూసి, కుర్రాడు మోటారు సైకిలు మీద రౌడీలా ఉన్నాడని చెప్పాడట. నువ్వు ఆయనతో దెబ్బలాడి వచ్చావని బావగారు ఉత్తరం చివర రెండు ముక్కలు రాశారు. బండి సంగతి నీకు ముందే చెప్పవలసింది. చెబితే వద్దంటావని చెప్పలేదు.

నా పని పశువుల దవాఖానలో కదా. ఒక్క మణికొండే కాదు, కోకాపేట, ఆ చుట్టుపక్కల ఇంకో అయిదారు ఊళ్ళు తిరగాలి. మన కాలవగట్టు దారుల్లాంటివి కావివి. ఎటు చూసినా ఏనుగంతేసి బండరాళ్ళు, మధ్యలో సీతాఫలం పొదలు, వాటి సందున కాలిబాట. సైకిలు ఏడాదిలో రెండుసార్లు విరిగింది. లంగర్‌హౌజులో ఒక మెకానిక్కు దగ్గర మిలిటరీ వాళ్ళు వేలంలో అమ్మేసిన పెద్ద మోటారు సైకిలుంటే తీసుకున్నాను. గేదెంత బరువు. దాని చప్పుడు మైలు దూరం వినిపిస్తుంది. ఇక్కడ దాన్ని ఫట్‌ఫటీ అంటారు.

ఆ బండెక్కిన రోజు నుంచీ జనానికి నేను సూర్యాన్ని కాకుండా పోయాను. కల్లు అమ్మేవాళ్ళు చప్పుడు వినగానే నన్ను ఆబ్కారీ జమేదారనుకుని కుండలు దాచేవారు. మెహదీపట్నం హోటలువాడు మఫ్టీ పోలీసనుకుని నా దగ్గర చాయ్ పైసలు తీసుకోనన్నాడు. కోకాపేటలో ఒకసారి మగవాళ్ళంతా గుట్టవైపు పరుగెత్తారు. కుటుంబ నియంత్రణ ఆపరేషనుకు పట్టుకుపోవడానికి వచ్చానని వాళ్ళ భయం. నా చేతిలో ఉన్నది పశువులకు వేసే గాలికుంటు టీకాల డబ్బా. ఒక పటేలుగారు మాత్రం ఎవరో దొరబిడ్డననుకుని అరుగు మీద కుర్చీ వేయించారు. పశువుల మందులబ్బాయినని తెలిశాక ఆ కుర్చీని లోపలికి పంపించేశారు.

ఇదంతా విని నువ్వు నవ్వుతావు. నేనూ మొదట నవ్వుకున్నాను. కానీ అక్కయ్యా, నీ దగ్గర దాచడమెందుకు, ఆ భయం నాకు బాగుండేది. సైకిలు మీద వెళ్ళినప్పుడు నన్ను ఎవరూ తలెత్తి చూసినవాళ్ళు కారు. భాష వేరు, తిండి వేరు, పలకరించే మనిషి లేడు. రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఎనిమిది పశువులతోనే. అలాంటివాడికి దారంతా పక్కకు తొలగుతుంటే ఎలా ఉంటుంది చెప్పు. మీసం పెంచాను. నల్లకళ్ళద్దాలు కొన్నాను. అవసరం లేకపోయినా బండిని గట్టిగా మోగించేవాణ్ణి.

అలా మోగించిన ఒక పొద్దున జరిగిన సంగతే నీకు రాయలేకపోయాను.

ఈ ఊళ్ళో మల్లమ్మ అని ఒకామె ఉంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఒక్క గేదె, ఇక్కడి మాటలో బర్రె, దాని పాలు అమ్ముకుని బతుకుతుంది. ఆ పొద్దున ఆమె చూలు బర్రెను తోలుకుని సందులో ఎదురొచ్చింది. నేను బండి ఆపవచ్చు. ఆపలేదు. తప్పుకుంటారులే అని ఇంకా గట్టిగా మోగించాను. బర్రె బెదిరి తాడు తెంచుకుని రాళ్ళమీదికి దూకింది. ముందు కాలు విరిగింది.

మల్లమ్మ రాళ్ళమీదికి దిగి బర్రె తల ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

వెదురుబద్దలు పెట్టి నేనే కట్టు కట్టాను. పెద్ద డాక్టరుగారిని తీసుకొచ్చాను. ఆయన నన్ను పక్కకు పిలిచి, అంత బరువున్న పశువుకు ఎముక అతకడం కష్టమనీ, దూడయినా దక్కితే అదృష్టమనీ చెప్పారు. రోజూ వెళ్ళి రెండోపక్కకు పొర్లించేవాణ్ణి, పుళ్ళు పడకుండా. అయిదో రోజున నెలలు నిండకుండానే ఈనింది. మూడు రోజులాగి బర్రె చచ్చిపోయింది. దూడ మిగిలింది, ఆడదూడ. కుందేలంత ఉంది.

దానికి పాలు కావాలి. కోకాపేటలో అప్పుడే ఈనిన బర్రె ఉంటే, వాళ్ళను బతిమాలి పొద్దునా సాయంత్రం చెంబుతో తెచ్చేవాణ్ణి. ఊరి మొదట్లో ఏనుగుబండ అని ఒక రాయి ఉంది. అక్కడ బండి ఆపేసి ఊళ్ళోకి తోసుకుంటూ వచ్చేవాణ్ణి. మళ్ళీ ఏనుగుబండ దాటాకే మోగించడం. నాలుగు నెలలు అలాగే చేశాను. మీసాలు పెట్టుకుని అంత బండిని చెమటలు కక్కుతూ తోస్తుంటే ఊరు నవ్వింది. ఫట్‌ఫటీ దొర అని పేరు పెట్టింది. మల్లమ్మ నవ్వలేదు. తలుపు తీసేది, చెంబు అందుకునేది, ఖాళీ చెంబు ఇచ్చేది. ఆ నాలుగు నెలల్లో నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టినా బాగుండేదనిపించేది.

దూడ గడ్డి మేయడం నేర్చింది. బండిని ఏనుగుబండ నుంచి తోసుకురావడం మానలేదు గాని, ఇక నాకు ఆ గుమ్మంలో పని లేకుండా పోయింది. అప్పటినుంచీ సాయంత్రాలు గడవడం మరీ కష్టమైంది.

పోయిన వారం నాకు చలిజ్వరం వచ్చింది. కంగారు పడకు, పూర్తిగా తగ్గింది. దవాఖాన వెనక నా గదిలో నాలుగు రోజులు మంచం దిగలేదు. వైద్యం కోసం పశువులను తోలుకొచ్చినవాళ్ళు తాళం చూసి తిరిగి వెళ్ళారు గాని, వెనక్కి వచ్చి చూసినవాళ్ళు లేరు. నీ చేతి చారు గుర్తొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నానంటే నవ్వకు.

నాలుగో రోజు మధ్యాహ్నం తలుపు తోసుకుని మల్లమ్మ వచ్చింది. చేతిలో జొన్న అంబలి గిన్నె ఉంది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగింది.

“నాల్గొద్దులాయె, బండకాడ నీ ఫట్‌ఫటీ సప్పుడు ఇనవడ్త లేదు. ఏమైనవో అని వచ్చిన,” అంది.

లేవబోతే వద్దని చెయ్యి ఊపి, గిన్నె మంచం పక్కన పెట్టి నేలమీద కూర్చుంది. అంబలి సగం తాగాక ధైర్యం చేసి, నన్ను క్షమించమని అడిగాను. ఆమె కొంగు సర్దుకుంది.

“నా బర్రెను నేను మరువలే. నీ మీద కోపం గూడ పోలే. జూటా మాట ఎందుకు జెప్పాలె? గని జరమొచ్చినోనికి అంబలి వొయ్యకుంట ఎట్లుంట?”

తర్వాత నాకెవరూ లేరా అని అడిగింది. అక్కయ్య ఉందని, తల్లి పోయాక తనే పెంచిందని చెప్పాను. నీ ఉత్తరాలు వస్తున్నాయా అంది. వస్తున్నాయన్నాను. నేను రాస్తున్నానా అని అడిగింది. లేదని ఒప్పుకున్నాను.

“ఆమె గూడ నీ సప్పుడు ఇనవడక పరేషాన్ అయితుండొచ్చు,” అని గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

అందుకే అక్కయ్యా, ఈ ఉత్తరం. నువ్వు ఆ మేనమామగారితో ఇక దెబ్బలాడవద్దు. మోటారు సైకిలెక్కిన ప్రతివాడూ రౌడీయేనా అని నువ్వు ఆయన్ను నిలదీశావట. మాట న్యాయమైనదే. ఈ దారిలోనే రోజూ పాలడబ్బాలు కట్టుకుని అలాంటి బండి మీదే వెళ్ళే ఒక ముసలాయన ఉన్నాడు, చీమకు కూడా హాని తలపెట్టడు. కానీ మేనమామగారు నన్ను చూసిన నెల ఏదో లెక్క వేసుకున్నాను. అది బర్రె కాలు విరగడానికి ముందు. ఆ రోజుల్లో నన్ను చూసినవాడు అలాగే అనుకోవాలి. ఆయన అబద్ధం చెప్పలేదు. ఇంకెక్కడైనా సంబంధం కదిలితే, ఈ సంగతంతా చెప్పి, అప్పుడు వాళ్ళను రమ్మను.

బండి అమ్మను. ఊళ్ళు తిరగాలంటే అది ఉండాలి. నల్లకళ్ళద్దాలు మాత్రం తీసేశాను. మీసం కూడా తగ్గించాను.

వీలయితే ఎవరిచేతనైనా కొంచెం మాగాయి పంపించు. ఇక్కడి ఎండ పొడి ఎండ, బట్టలు గంటలో ఆరిపోతాయి, పెదాలు పగులుతాయి. జొన్నరొట్టె తినడం అలవాటు చేసుకుంటున్నాను. వేళకు తింటున్నాను, దిగులు పడకు. బావగారి పాదాలకు నా నమస్కారాలు చెప్పు. వీధిచివరి పెద్దమ్మగారిని అడిగానని చెప్పు. పిల్లలకు ముద్దులు. నన్ను ఎప్పటిలాగే దీవించు.

ఇదంతా చదివాక నా మీద కోపం వస్తే, కోపంగానే రాయి. కానీ వెంటనే రాయి.

నీ తమ్ముడు,
సూర్యం