లోపలికి పంపవలసిన తాడు

చిరంజీవి బావమరిదికి, బావ ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. మా నాన్నగారి ట్రాక్టరు తొమ్మిదేళ్లుగా షెడ్డులో కోళ్లకు ఆశ్రయమిస్తోందని నీకు తెలుసు. వచ్చే నెల మొదటి ఆదివారంలోగా దానికి ప్రాణం రాకపోతే పాత ఇనుములోకి ఇచ్చేస్తానని మీ అక్క తేల్చి చెప్పింది. దాని చప్పుడు మళ్లీ ఒక్కసారైనా వినాలని నాకు ప్రాణం కొట్టుకుంటోంది.

ఇంజను విప్పడం మొదలుపెట్టాను. నట్లన్నీ వచ్చాయి. పైన మూతలా ఉండే హెడ్డు మాత్రం తుప్పుతో ఉడుంపట్టు పట్టింది. సుత్తితో బతిమాలినా కదల్లేదు. మెకానిక్కువి, దారి చెప్పు.

ఇట్లు,
నీ బావ

తా.క.: సుత్తి అంటే మీ అక్క బట్టలుతికే చెక్క. ఆమెతో అనకు.


పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

కంగారు పడకండి. తుప్పు మీద డీజిలు పోసి రెండు రోజులు నాననివ్వండి. తర్వాత పిస్టన్‌ను కిందికి దించి, డీజిలు చిమ్మే నాజిల్ తీసి, ఆ రంధ్రంలోంచి మెత్తని తాడు బారెడు లోపలికి పంపండి. కొస బయటే ఉండాలి. ముందున్న హ్యాండిల్‌ను చేత్తో మెల్లగా తిప్పితే పిస్టన్ పైకొచ్చి తాడును నొక్కుతుంది, తాడు హెడ్డును పైకి నెడుతుంది. ఎవరూ ఏదీ లాగక్కర్లేదు.

విధేయుడు,
మీ బావమరిది

తా.క.: చెక్క విరిగిందని అక్క ఉత్తరం మీ ఉత్తరం కంటే ముందే వచ్చింది.


చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం ఎర్రసిరాతో దిద్ది దాచాను. ముప్పై ఏళ్లు బడిలో పిల్లల రాతలు దిద్దినవాణ్ణి, చెయ్యి ఊరుకోదు. తాడుతో నెట్టడం సృష్టిలో ఎక్కడైనా ఉందా? తాడుతో లాగుతారు. పని హడావిడిలో 'పైన కట్టండి' అనబోయి 'లోపలికి పంపండి' అని రాసి ఉంటావు. 'ఎవరూ ఏదీ లాగక్కర్లేదు' అన్నచోట 'ఎవరో ఒకరు లాగాలి' అని సవరించాను. పక్కింటాయన తన జీపు తెస్తానన్నాడు. హెడ్డుకు తాడు కట్టి, షెడ్డు దూలం మీదుగా వేసి, రేపే లాగిస్తాం.

ఇట్లు,
బావ

తా.క.: పదికి ఆరు వేశాను. దస్తూరి బాగుపడింది.


బావగారికి నమస్కారాలు.

నేను రాసింది రాసినట్టే చదవండి. తాడు లోపలికే. జీపు వద్దు. దూలం జోలికి అసలే వెళ్లకండి.

మీ బావమరిది

తా.క.: ఇది మీకు చేరేసరికి ఆ 'రేపు' దాటి నాలుగు రోజులవుతుందని ఇప్పుడే తట్టింది. అందరూ క్షేమమేనా?


చిరంజీవికి ఆశీస్సులు.

అందరం క్షేమం. హెడ్డు రాలేదు, దూలం వచ్చింది. దూలం వెంట రేకులు, రేకుల వెంట కోళ్లు వచ్చాయి. ట్రాక్టరు మీద గీత కూడా పడలేదు. మీ అక్క నాతో మాట్లాడటం లేదు. పాత ఇనుమువాణ్ణి మాత్రం ఆదివారానికి రమ్మంది. నాకు అన్నం సహించడం లేదు. సవరణలో నాదీ కొంత పొరపాటుందేమో.

ఇట్లు,
బావ

తా.క.: నీ మార్కులు ఎనిమిదికి పెంచాను.


తమ్ముడికి అక్క దీవెనలు.

షెడ్డు కూలగానే మీ బావ ముందు ట్రాక్టరును తడిమి చూశారు, ఆ తర్వాతే నన్ను. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ శనివారం పొద్దున్నే వెళ్లి దాని సీటు తుడుస్తూ కూర్చున్నారు. రేపు ఇనుములోకి పోయేదానికి ఎందుకండీ అంటే, "మురికిగా పంపడం బావుండదు" అన్నారు. నేను చూడలేకపోయాను.

నీ మొదటి ఉత్తరం తీసి, ఎర్రసిరా కింద నువ్వు రాసింది కూడబలుక్కుంటూ చదివాను. నువ్వు చెప్పినట్టే నాజిల్ తీసి, పిస్టన్ దించి, బట్టలారేసుకునే తాడు విప్పి ఆ రంధ్రంలోంచి లోపలికి పంపాను. హ్యాండిల్ పావు చుట్టు తిప్పానో లేదో, టక్‌మని హెడ్డు లేచింది. ఆయన దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, "చూశావా, పైకే వచ్చింది. నేను దిద్దింది కూడా అదే" అన్నారు. కళ్లల్లో నీళ్లు మాత్రం ఆపుకోలేకపోయారు. ఇనుమువాడు వస్తే వంగిన రేకులిచ్చి పంపించాను. ట్రాక్టరు ఎక్కడికీ పోదు.

ఇట్లు,
మీ అక్క

తా.క.: ఇంజను బిగించే పద్ధతి నా పేరున రాయి. ఆయన కంటపడితే దిద్దేస్తారు.