ఎడమ వెనుక చక్రం

13 అక్టోబర్ 1964, మందమర్రి

మా ఆయన కారు చక్రాలన్నీ ఊడదీశాడు. దసరా పూజకు మెరవాలట. వాకిలంతా గ్రీజు, కిరసనాయిలు కంపు. పుట్టింట అవ్వ పెట్టిన చీరను అడగకుండా చింపి తుడుపుగుడ్డ చేశాడు. తొమ్మిదో నెల కడుపుతో ఉన్నాను, ఆ కంపుకు రెండుసార్లు వాంతయింది. మెకానిక్ హనుమండ్లును పిలవమంటే, వానికేమెరుక, నేను ఇంగ్లీషు పుస్తకం చదివిన అన్నాడు.

14 అక్టోబర్, సాయంత్రం

మహర్నవమి. అత్తమ్మ వచ్చి సుత్తి, పారతో పాటు ఆయన చేతిలోని, చక్రాల నట్లు బిగించే స్పానర్ కూడా గుంజుకొని దేవుని గదిలో పెట్టింది. బొట్టు పెట్టినంక దసరా దాటేదాక ముట్టొద్దట. ఆయన కాసేపు గొణిగి, పని అయినట్టే తీ అన్నాడు. చక్రాల నడుమ మెరిసే హబ్ క్యాప్‌లు కొట్టి, చేతులు దులుపుకున్నాడు.

15 అక్టోబర్

జమ్మి దగ్గరికి కారులో పోయాము. కాలనీ అంతా చూస్తుండగా టకటక, టకటక. తలెత్తలేకపోయాను.

17 అక్టోబర్

నిన్న సైలెన్సర్ అన్నాడు. ఇవాళ స్ప్రింగ్ అన్నాడు. విప్పడం, బిగించడం, తిట్టడం. అత్తమ్మేమో దిష్టి అని నిమ్మకాయలు కట్టింది. ఇద్దరూ ఇద్దరే.

18 అక్టోబర్

నా గాజుల చప్పుడట! శ్రీమంతానికి వేసిన గాజులు. రుమాలుతో నా రెండు చేతులూ చుట్టి వెనుక సీట్లో కూర్చోబెట్టి బజారంతా తిప్పాడు. టకటక ఆగలేదు. అప్పుడు నా బరువన్నాడు. ఛీ. కట్టుకున్న మనిషి మీద ఇంత అసహ్యం కలుగుతుందని అనుకోలేదు.

19 అక్టోబర్

గురువారం నేను కాన్పుకు బోథ్ పోవాలి, పుట్టింటికి. బస్సులో పోతానన్నాను. కాంట్రాక్టర్ పెండ్లాం బస్సుల పోతదా, నల్గురు నవ్వరా అని గోడలు అదిరేలా ఒర్రిండు. నిర్మల్ దాటితే ఘాటు రోడ్డు. ఆ మలుపుల్లో ఈ చప్పుడుతో కూర్చోవాలి. భయంగా ఉంది.

21 అక్టోబర్, మధ్యాహ్నం

ఈ ఉదయం ఆయన కారు తీస్తుంటే అరుగు మీద కూర్చొని విన్నాను. మెల్లగా పోతే టకటక. వేగం అందుకుంటే మాయం. అంటే చక్రంతో పాటు తిరుగుతూ, వేగానికి అంచుకు అతుక్కునేదేదో లోపల పడింది. చప్పుడు ఎడమ వెనుక నుంచే.

ఆయన తిండికి కూర్చోగానే పీట వేసుకొని, అట్లకాడతో ఆ హబ్ క్యాప్ లేపాను. నట్టొకటి నా కాళ్ళ దగ్గర పడింది. మిగిలినవి పట్టుకుంటే తిరిగాయి. వేళ్ళతో! నవమి సాయంత్రం స్పానర్ పోయేసరికి నట్లను చేత్తో తిప్పి, పైన మూత కొట్టేశాడు. తరువాత ఆ సంగతే మరిచాడు. మెరుపు మాత్రం మరవలేదు. స్పానర్ ఇంకా దేవుని గదిలోనే ఉంది, ఎండిన బొట్టుతో.

ఘాటులో ఆ చక్రం ఊడితే నేనూ లేను, కడుపులోదీ లేదు.

నట్టు తీసుకుపోయి ఆయన కంచం పక్కన పెట్టాను. చూశాడు. హబ్ క్యాప్‌కు గీత పడ్డదా అని అడిగాడు. మొదటి మాట అదే. పోయి పెట్టె సర్దుకున్నాను, బస్సుకు.

22 అక్టోబర్

బోథ్‌కు బస్సులో వచ్చాను. అత్తమ్మే నా పెట్టె ఎత్తించింది. నేను స్పానర్ గుంజుకోకపోతే గిట్ల కాకపోయేది బిడ్డా అని కండ్లు తుడుచుకుంది. ఆమె మీద కోపం పోయింది. ఆయన లోపలి నుంచి రాలేదు.

24 జనవరి 1965, బోథ్

ఆయన కారులో వచ్చాడు. నన్నూ బిడ్డనూ తీసుకుపోతాడట. చప్పుడే లేదు, నేనే బాగుజేసిన, నిన్న కూడా చక్రాలన్నీ విప్పి తుడిచిన అని మా బాపుతో చెప్పాడు.

బిడ్డను అవ్వకిచ్చి స్పానర్ అడిగాను. నవ్వుతూ ఇచ్చాడు. రెండు చక్రాల మూతలు లేపి చూశాను, నట్లు గట్టిగానే ఉన్నాయి. మూడో చక్రం దగ్గర దాని అవసరం పడలేదు. నట్టు వేళ్ళకే తిరిగింది.

కారులోంచి నా పెట్టె దింపించాను.