రాజధానికి అరువు పెట్టిన అంగడి

అక్క లక్షుమ్మకు,

కర్నూలు నుంచి తమ్ముడు ఓబులేసు దండాలు పెట్టి రాయునది. నేను ప్రాణంతో ఉన్నాను, ఇక్కడి క్షేమం అంతే. బావ దగ్గు తగ్గిందా? పెద్దమ్మ లేచి తిరుగుతోందా? నా తిండి గురించి బెంగ వద్దు. సంగటి, కారం దొరుకుతున్నాయి.

నీ ఎద్దుల జత అమ్మి పెట్టించిన అంగడి మూతపడింది. ఎలా రాసినా ఇదే మాట కాబట్టి ముందే రాసేశాను.

రాజధాని హైదరాబాదుకు పోయిందని వినే ఉంటావు. ఇక్కడ గుడారాల్లో కాపురమున్న సర్కారు గుమాస్తాలంతా జీతాలొచ్చాక ఇస్తామని నా దగ్గర బియ్యం, నూనె అరువుకు తీసుకునేవాళ్ళు. అరువివ్వని అంగడి మొహం ఎవరూ చూడరు. నేనూ సావుకారు దగ్గర అరువుకే సరుకు తెచ్చేవాణ్ణి. రాజధాని పోతుందన్న పుకారు విని సరుకు తగ్గిద్దామనుకున్నాను. ఆ వారమే మన సీమ నాయకుడు మా వీధిలో మీటింగు పెట్టాడు. "రాజధాని యాడికీ పోదప్పా. నేనుండంగా ఎవుడు తీస్కపోతాడు?" అన్నాడు. చప్పట్లు కొట్టి వచ్చి, మర్నాడే ఇంకా బస్తాలు దింపించాను.

తర్వాత లారీలు వచ్చాయి. పక్క గుడారం గుమాస్తా సామాను కట్టుకోను పగ్గం అడిగాడు, దారికి టెంకాయ, కర్పూరం కూడా. ప్రయాణమై పోయేవాళ్ళను ఆపి బాకీ అడగకూడదని అమ్మ నేర్పింది కదా. అవీ అరువుకే ఇచ్చాను. టెంకాయ నా గుమ్మం ముందే కొట్టి, చిప్పలు సంచిలో వేసుకుని లారీ ఎక్కాడు. ఎదురుగా కాఫీ హోటలాయన ఇప్పుడు గ్లాసులు అమ్ముకుంటున్నాడు.

సావుకారుకు అమ్మ మాటలు పట్టవు. మిగిలిన సరుకంతా త్రాసుతో సహా పట్టుకుపోయాడు. బతిమాలితే, "నీ నాయకున్ని అడుగుపో. పోదని చెప్పింది ఆయప్పనే కదా" అన్నాడు. సిగ్గు లేకుండా నాయకుని ఇంటికి అడగడానికి కూడా పోయాను. ఆయన కాపురం హైదరాబాదుకు మారిందట. కాపలావాడు నన్ను చూసి నవ్వాడు.

ఏరువాకకు ఎద్దులు కొనిస్తానన్న మాట తప్పాను. నీ చేను ఈ ఏడూ బీడే. నిన్ను ముంచాను అక్కా. వీలైతే నా పాత దుప్పటి ఎవరిచేతైనా పంపించు, చలికి ఆగలేకపోతున్నాను.

ఎలక్షన్లకు ఆ నాయకుడే మన ఊరు వేంపల్లెకు వస్తున్నాడని, ఊరేగింపుకు మన బండి అడిగారని రాయించావు. ఇవ్వు. ఎద్దులేవంటే కర్నూలు రాజధానికి మేతగా వేశామని చెప్పు. కాడి ఆయన మనుషులనే మొయ్యమను.

పెద్దమ్మకు, బావకు దండాలు చెప్పు. మనసొస్తే నన్ను ఆశీర్వదించు.

నీ ఎద్దులను మింగిన తమ్ముడు,
ఓబులేసు